ఆ సీళ్ళు అసలైనవే

మేం హిందీ రాష్ట్రంలోని బీర్‌గావ్‌లో ఉన్న రోజుల్లో, పొద్దున ఆరేసిన బట్టల మీద సాయంత్రానికి నల్లటి పొడి పేరుకునేది. చుట్టూ ఉన్న ఇనుము ఫ్యాక్టరీల పొడి అది. అలాంటి ఒక ఫ్యాక్టరీలోనే నేను మెయింటెనెన్స్ సూపర్‌వైజర్‌ని. వాడకంలో లేని షాఫ్టులకు దట్టంగా గ్రీజు పూయించి, పాలిథిన్ చుట్టించి పెట్టడం నా పనుల్లో ఒకటి. నేను దాచిన షాఫ్టుకు ఎన్నడూ తుప్పు పట్టలేదు. దాంతో తుప్పు గురించి నాకు తెలియనిది లేదనుకునేవాణ్ణి.

మా వీధి చివర ఒక మెకానిక్ ఉండేవాడు. రైల్వే ఉద్యోగానికి శ్రీకాకుళం నుంచి వచ్చినవాళ్ళ మనవడు. తెలుగువాళ్ళ బళ్ళన్నీ అతని షెడ్డుకే వెళ్ళేవి. ఒక వానాకాలం నా మోటార్‌సైకిల్ ముందు షాకర్ల కడ్డీల మీద తుప్పు చుక్కలు లేచాయి. అతను వాటిని నున్నగా రుద్ది, లోపలి నూనె కారకుండా ఆపే రబ్బరు సీళ్ళు కొత్తవి వేశాడు.

"వానలో తిరిగొచ్చినప్పుడల్లా సూఖా గుడ్డతో, పొడిగుడ్డతో తుడవండన్నా, బస్, చాలు. ఏటీ పూయకండి."

"తుప్పు సంగతి నాకే చెప్తున్నావా?"

"మీ షాఫ్టులు పడుకునుంటాయి. ఇవి రోజంతా లేస్తాయి, కూర్చుంటాయి."

నవ్వేసి వచ్చాను. ఆ సాయంత్రమే కడ్డీలకు వేలెడు మందాన గ్రీజు పట్టించాను.

"పెళ్ళికూతురికి కూడా ఇంత నలుగు పెట్టరు" అంది మా ఆవిడ.

రెండు నెలలకు సీళ్ళు కారడం మొదలైంది. బండి అతని షెడ్డుకు తీసుకెళ్ళి చూపించి, అతను నోరు తెరిచేలోపే వెనక్కి తెచ్చేశాను. ఆ ఆదివారం తెలుగు సంఘం హాల్లో, ఇడ్లీలు తింటూ, "డూప్లికేట్ సీళ్ళు అంటగట్టాడు" అన్నాను. యంత్రాలతో పనిచేసేవాణ్ణి కాబట్టి నా మాటకు ఎదురు రాలేదు. ఒక్కొక్కరే అతని దగ్గరికి వెళ్ళడం మానేశారు.

నేను టాటీబంధ్‌లో ఇంకొకరి చేత సీళ్ళు మార్పించుకుని, మళ్ళీ గ్రీజు పూశాను. మళ్ళీ కారాయి. ఈసారి బండిని అక్కడి ముసలి మెకానిక్ చూశాడు. కడ్డీ మీది గ్రీజును వేలితో గీసి కాగితం మీద పెట్టి, కింద ఒక అయస్కాంతం జరిపాడు. గ్రీజు దాని వెంటే పాకింది. గాలిలోని ఇనుప పొడినంతా గ్రీజుతో పట్టి ఉంచి, బండి గుంతలో పడ్డ ప్రతిసారీ ఆ సీళ్ళను నేనే అరగదీసుకున్నానన్నమాట.

అప్పటికి మా వీధిలో షెడ్డు ఇంకా తెరిచే ఉంది. హాల్లో ఒక్క మాట చెబితే సరిపోయేది. సూపర్‌వైజర్‌ని కదా, నోరు రాలేదు. ఏడాది తిరక్కుండా అతను షెడ్డు మూసేసి ధర్సీవా వెళ్ళిపోయాడు.

చాలా ఏళ్ళకు ధైర్యం చేసి అక్కడికి వెళ్ళాను. ట్రాక్టర్ కింద పడుకునే అంతా విన్నాడు.

"నాకు తెలుసన్నా. కారినప్పుడు తెచ్చారు కదా, ఆ గ్రీజు చూశాను."

"మరి అందరికీ చెప్పలేదేం?"

"సూపర్‌వైజర్ మాట కాదని నా మాట ఎవరు వింటారు?" పానా కోసం చెయ్యి చాపాడు. అందించాను. "నాకెందుకు చెప్తారు? తెలీనోళ్ళకి చెప్పండి."

ఆ ఆదివారమే హాల్లో నిలబడి చెప్పాను. కొందరు నవ్వారు. ఒక పెద్దాయన మాత్రం, "పాపం, వాణ్ణి నేను మొహం మీదే దొంగ అన్నానయ్యా" అని ప్లేటు పక్కన పెట్టేశాడు. ఆనాటి వాళ్ళలో సగం మంది బదిలీలై ఎక్కడెక్కడో ఉన్నారు. వాళ్ళలో ఎవరైనా ఇది చదివితే తెలుసుకోవాల్సింది ఒక్కటే. అతను వేసిన సీళ్ళు అసలైనవే. పాడు చేసింది నేను.