తగినన్ని నీళ్లు

మగవాడు ఎలా బతకాలో నెలనెలా అచ్చేసి చెబితే తప్ప వాడికి తెలియదని కొందరు గట్టిగా నమ్మిన రోజులవి. ఆ కొందరిలో నేనూ ఒకణ్ణి, నాకు జీతమిచ్చేది అందుకే కాబట్టి. కర్నూలులో బైకుల షోరూం నడిపే ఒకాయన (షోరూమన్న అనేవాళ్లం) మగవాళ్ల కోసం రంగుల పత్రిక పెట్టి, డిగ్రీ అయ్యి ఖాళీగా తిరుగుతున్న నన్ను అందులో కూర్చోబెట్టాడు. మే నెల ఎండల్లో కూడా అట్ట మీద సూటు తొడుక్కున్న మనిషే. లోపల గడ్డం పెంచే పద్ధతులు (నాకప్పటికి గడ్డం సరిగ్గా మొలవలేదు), చివర్న 'ఒంటరి మగాడి వంట'. అన్నీ నేనే రాసేవాణ్ణి. వంటలో నాకు చేతనైంది తినడమొక్కటే. అందుకని అనుమానమొచ్చిన చోటల్లా 'తగినన్ని నీళ్లు పోయాలి' అని రాసి ముందుకు సాగిపోయేవాణ్ణి.

రెండేళ్లు తిరక్కుండానే జనం ఫోన్లలో తలలు దూర్చారు. పంపిన కట్టలు పంపినట్టే తిరిగి రాసాగాయి, ఒక్క వేంపల్లె కట్ట తప్ప. "ఆడ ఎవురు చదువుతాండారో చూసి రా పో. చదివేటోళ్లు ఉంటే నడుపుదాం, లేకుంటే బీగమే," అన్నాడు షోరూమన్న. నా మొదటి ఉద్యోగం వేంపల్లె చేతిలో పడిందన్నమాట. సూట్లు తొడుక్కుని టమాటా బుట్టలు మోసే మగవాళ్లను ఊహించుకుంటూ బస్సెక్కాను.

బస్టాండు పక్కన పత్రికలూ అత్తరూ కలిపి అమ్మే అత్తరు భాయ్ ఆ ఊహని ఒక్క మాటతో తుడిచేశాడు. "కువైట్‌కు పోయేటోళ్లు కొంటాండారప్పా. సూట్లు ఎవురికి కావల్ల? ఆడ రూములో వండిపెట్టేటోళ్లు ఎవురుండారు? వంట పేజీ చించుకోని తక్కింది ఈడనే పారేస్తారు. ఇదిగో, ఈయప్ప ఆదివారం పోతాండాడు."

పక్కనున్న పెద్ద మీసాలాయన నన్ను ఎగాదిగా చూశాడు. "ఆ పేజీ రాసేది నువ్వేనా? సంగటికి తగినన్ని నీళ్లంటే ఎన్నప్పా?"

"అది చేతికే తెలుస్తుందన్నా," అన్నాను గంభీరంగా.

"నా చేతికి ట్రాక్టరు తెలుసు, సంగటి తెల్దు. చేసి చూపిచ్చు."

షాపు వెనకే భాయ్ ఇల్లు. పొయ్యి ముందు నిలబెట్టారు. నా రాతను నేనే తు.చ. తప్పకుండా పాటించాను. ఫలితాన్ని తెడ్డుతో తట్టి చూసి, "దీన్ని గోడకు కొడితే గోడకే నొప్పి," అంది భాయ్ భార్య. ఆమె తెడ్డు లాక్కుని మళ్లీ వండింది. గ్లాసు బియ్యం, ఐదు గ్లాసుల నీళ్లు, మెత్తగా ఉడికాక గ్లాసు రాగిపిండి. మీసాలాయనా నేనూ పక్కపక్కనే కూర్చుని రాసుకున్నాం. రచయితా పాఠకుడూ అంత దగ్గరైన సందర్భం మా పత్రికలో అదొక్కటే.

కర్నూలు తిరిగొచ్చి ఉత్సాహంగా అంతా చెప్పాను. షోరూమన్న వరసగా నిలబెట్టిన బండ్ల వైపు చూశాడు. "అంతా బానే ఉండాది గానీ, కువైట్‌కు పోయేటోడు మన షోరూంలో బండి కొంటాడారా?"

బతిమాలి ఇంకొక్క సంచిక వేయించాను. వంట మొదటి పేజీకొచ్చింది, కొలతలన్నీ గ్లాసుల్లో. ఆ తర్వాత బీగమే.

కొన్ని నెలలకు భాయ్ నా ఫోనుకొక ఫొటో పంపాడు. కువైట్ గదిలో పళ్లెం నిండా సంగటి ముద్ద, వెనక మీసాలు. కింద ఆయన మాటగా ఒక ముక్క: "నీళ్లు సరిపోయినాయప్పా. ఉప్పు యాడ?"

సంచిక వెతికి చూశాను. నిజమే, ఆ రోజు ఇద్దరం రాసుకున్నదాంట్లోనే కాదు, అచ్చులోనూ ఉప్పు ఎక్కడా లేదు. పేజీ అడుగున నా పేరు మాత్రం లావు అక్షరాల్లో ఉంది. ఉప్పు సంగతి కూడా తెలియకుండా లోకంలోని మగవాళ్లందరికీ బతుకు నేర్పబోయిన ఆ కుర్రాడి ధైర్యం, నిజం చెప్పాలంటే, నాకిప్పుడు లేదు.