బర్రె పేరు చెప్పి కొన్న బెల్లం

నేను చెప్పేది మా ఇంట్లో ఎవరూ పూర్తిగా నమ్మరు. తప్పు వాళ్ళది కాదు. ఖతర్‌లో పదకొండేళ్ళు పనిచేసి వచ్చాను. మా ఊళ్ళో ఖతర్ అన్నా మస్కట్ అన్నా అన్నీ దుబాయే కాబట్టి, దుబాయ్ ముచ్చట్లు చెప్పమని వచ్చేవాళ్ళకు కొదవ లేదు. సైటు హెల్మెట్‌ను ఎండలో బోర్లించి దాని మీద ఆమ్లెట్ వేసుకున్నామని చెప్పాను. ఒంటె ఒకటి ముందరికాలు ఎత్తి మా క్యాంప్ బస్సును ఆపి, లోపలికి తొంగిచూసి, ఏసీ పనిచేయడం లేదని ఎక్కకుండానే వెళ్ళిపోయిందని చెప్పాను. రాత్రి పడుకునేటప్పుడు ఖాళీగా ఉన్న స్థలంలో తెల్లారి లేచేసరికి నలభై అంతస్తులు లేచాయని చెప్పాను. ఈ చివరిది కొంచెం నిజమే. గ్యాసు డబ్బు పొంగుతున్న రోజులవి. దోహాలో ఎటు చూసినా క్రేన్లే.

ఇప్పుడు చెప్పేది మాత్రం ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. ఇందులో ఒంటె లేదు.

నేను మా కంపెనీలో టైంకీపర్‌ని. ఎవరు డ్యూటీకి వచ్చారు, ఎవరు రాలేదు అని రాసుకోవడం పని. పని తక్కువ, నోరు ఎక్కువ. సైటు నుంచి క్యాంప్‌కు బస్సులో గంట ప్రయాణం. ఆ గంటా నాదే. నేను ఎక్కకపోతే బస్సు కదలనిచ్చేవాళ్ళు కాదు. "ఏ, గప్పాలాయన రాలే, ఆగు" అనేవాళ్ళు. ఆ పిలుపు నాకు బిరుదులా ఉండేది.

క్యాంప్ మెస్సులో వంటాయన మా జిల్లావాడే. నాకన్నా పదేళ్ళు పెద్ద. అన్నా అని పిలిచేవాణ్ణి. మూడు వందల మందికి పప్పూ అన్నం వండేవాడు గానీ, చెయ్యి మాత్రం బిస్కెట్ల చెయ్యి. చిన్నప్పుడు నిజామాబాద్‌లో ఒక ఇరానీ హోటల్ బట్టీ దగ్గర ఉస్మానియా బిస్కెట్లు చేస్తూ పెరిగినవాడు. గల్ఫ్‌లో బేకరీ పని అని చెప్పి ఏజెంటు పంపితే, వచ్చి చూస్తే గంగాళమూ గరిటే. మూడేళ్ళయింది ఇంటికి పోక. పొయ్యి సెగకు రెండు ముంజేతుల మీదా వెంట్రుకలు కాలిపోయి నున్నగా ఉండేవి.

ఆ ఏడు మా ప్రాజెక్టు ఇంజనీరు, ఒక తెల్లాయన, తన విల్లాలో విందు పెట్టుకుంటే బిర్యానీ వండడానికి అన్నను పంపారు. విల్లా దోహా శివార్లలోని ఐన్ ఖాలిద్‌లో. అక్కడ ఆ ఇంటి మేడమ్ ఓవెన్ చూసి అన్నకు మతి పోయింది. ఆమె కూడా అన్న చెయ్యి చూసినట్టుంది. వాళ్ళింట్లో వంటచేసే ఆయన కొత్త సంవత్సరానికి తన దేశం వెళ్ళిపోతున్నాడట. డిసెంబరు పండక్కి రెండు వందల కుకీలు చేసి పంపు, నాకు నచ్చితే ఆ పని నీదే అందట. విడిగా గది, ఏడాదికోసారి ఇంటికి పోయి రావడానికి చుట్టీ, టిక్కెట్టు. అన్న ఆ సంగతి చెప్తుంటే గరిటె చేతిలోనే ఉండిపోయింది, పప్పు అడుగంటింది.

"అయితే ఒక్కటే తిరకాసు తమ్మీ. దాంట్ల ఏందో మొలాసిస్ పడాల్నట. ఆమె దేశం నుంచి తెచ్చుకున్న డబ్బ అయిపోయింది. మొలాసిస్ అంటే ఏంది?"

మా ఊరికి దగ్గర్లో చక్కెర ఫ్యాక్టరీ ఉండేది. మొలాసిస్ అంటే ఏమిటో మా ఊళ్ళో కోడిపిల్లకు కూడా తెలుసు.

"మడ్డి అన్నా. చక్కెర తీసినంక మిగిలే నల్ల మడ్డి. లారీలల్ల సారా బట్టీలకు పోతది."

"తింటరా దాన్ని?"

"మనం తాగుతం, వాళ్ళు తింటరు. ఎవరి పద్ధతి వాళ్ళది."

అన్న నవ్వలేదు. మేడమ్ ఇచ్చిన ఖాళీ డబ్బా మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. చాలాసేపు పెట్టుకున్నాడు. ముందు అక్కడి దుకాణాల్లో దొరికే దిబ్స్ అనే ఖర్జూరపు పాకంతో, మెస్సులోని పాత రొట్టెల ఓవెన్‌లో చేసి చూశాడు. బాగానే ఉన్నాయి గానీ ఉత్త తీపి. డబ్బాలో ఉన్న చేదు రాలేదు. మళ్ళీ డబ్బా వాసన చూశాడు.

"తమ్మీ, ఇది నల్లబెల్లం వాసన."

నిజమే. నేను కూడా చూశాను. మా చెరకు గానుగల దగ్గర కాస్త మాడిన పాకం వాసన.

మా దగ్గర నల్లబెల్లం మాట ఎత్తితే పక్కనే పటిక మాట వస్తుంది. ఆ రెండూ కలిస్తే గుడుంబా అనే నాటుసారా. అందుకే దుకాణాల మీద ఎక్సైజ్ వాళ్ళ కన్ను ఉంటుంది. అడిగినవాళ్ళకల్లా అమ్మరు. అయినా అన్న ఇంటికి ఫోన్ చేశాడు. చుట్టీకి వెళ్ళిన మా ఎలక్ట్రీషియన్ తిరిగి వస్తూ తన సూట్‌కేసులో నాలుగు కిలోల నల్లబెల్లం తెచ్చాడు. పాత చీరె ముక్కలో చుట్టి, దారంతో కుట్టి ఉంది. ఆకుపచ్చ చీరె, పసుపు పువ్వులు.

గురువారం మధ్యాహ్నం హాజరు కాగితాలు ఇవ్వడానికి క్యాంప్‌కు వచ్చిన నేను, తిరిగి సైటుకు పోతూ మెస్సు వెనక ఆగాను. అన్న బెల్లం కరగబెట్టి, గుడ్డలో వడగట్టి, శొంఠి, లవంగం, దాల్చినచెక్క నూరి వేశాడు. వేడి పాకంలో తినే సోడా వేయగానే బుస్సున నురగ పొంగింది. పెద్ద స్టీలు డేగిసాలో మైదా, వెన్న కలిపి తడిగుడ్డ కప్పి చల్లగదిలో పెట్టాడు.

"రేపటిదాంక కదిలియ్యద్దు. నానాలె. రేపు పదకొండింటికి మేడమ్ కారు పంపుతది" అన్నాడు.

ఆయన ముఖం అంత తేటగా నేనెప్పుడూ చూడలేదు. అది చూసి కూడా నేను చేసింది ఇదీ.

సాయంత్రం బస్సులో ఎవరో "ఏంది గప్పాలన్నా, ఇయ్యాల సప్పుడు లేదు" అన్నారు. నిజానికి నా దగ్గర ఆ రోజు సరుకు లేదు. సరుకు లేకపోతే గప్పాలాయనకు విలువ లేదు. నాలుక చివర ఏముంటే అదే బయటపడింది.

"మెల్లగ మాట్లాడున్రి. మెస్సుల డేగిస పెట్టిండు."

"ఏం డేగిస?"

"ఏం డేగిసనా? ఇంటి నుంచి నల్లబెల్లం వచ్చింది. తడిగుడ్డ కప్పి నానబెట్టిండు. నా కండ్లతోటి చూసిన, బుస్సుమని నురగ. రేపు దిగుతది."

బస్సంతా నా వైపు తిరిగింది. ఇక ఆగుతానా! వంటాయన తాత పెట్టిన గుడుంబా జిల్లాలోనే పేరున్నదని, ఒకసారి ఆ కుడితి తాగిన బర్రె ఒకటి నేరుగా సర్పంచి ఇంటి ముందుకు పోయి, పాత భూతగాదా తీసి పంచాయతీ పెట్టిందని, సర్పంచి దండం పెడితే గానీ కదల్లేదని చెప్పాను. నవ్వీ నవ్వీ డ్రైవరు బస్సు పక్కకు తీశాడు. నాకు అది చాలు. నవ్వినవాళ్ళలో సగంమంది రెండేళ్ళుగా చుక్క ఎరగనివాళ్ళని, వాళ్ళు నవ్వుతూనే నమ్మారని నాకు తట్టలేదు. తట్టలేదు అనడం కూడా కోతే. కొంచెం తట్టింది.

శుక్రవారం సెలవు. పొద్దున తొమ్మిదింటికి మెస్సు వెనక నలభైమంది నిలబడ్డారు. ఒక్కొక్కరి చేతిలో స్టీలు గ్లాసు. అంత క్రమశిక్షణగా జీతాల రోజు కూడా నిలబడలేదు. లోపల అన్న రెండు ట్రేలు కాల్చి తీసి, మూడోది పెడుతున్నాడు. శొంఠీ మాడిన బెల్లమూ కలిసిన వాసన వరుస మీదుగా పోతుంటే వాళ్ళు కళ్ళు మూసుకుని పీల్చారు.

"అన్నా, వాసన మంచిగొస్తుంది. దింపినవా?"

"దేన్ని?" అన్నాడు అన్న.

"మాకు తెల్వదనుకున్నవా? సగం గ్లాసు పొయ్యి, చాలు."

గ్లాసుల చప్పుడుకు క్యాంప్ బాస్ వచ్చాడు. కేరళ ఆయన, చెడ్డవాడు కాదు, భయస్తుడు. ఆ దేశంలో సారా అంటే పోలీసులు, పోలీసులంటే క్యాంప్‌కు తాళం. "యే లైన్ కాయ్‌కో?" అని అడిగితే, ముందున్న అమాయకుడు ఒకడు వినయంగా "గుడుంబా, సార్" అన్నాడు.

క్యాంప్ బాస్ లోపలికి పోయి డేగిసా మీది గుడ్డ తీశాడు. నల్లటి ముద్ద. పక్కన మిగిలిన నల్లబెల్లం. ఆయన ముఖం పాలిపోయింది.

"సార్, కుకీ హై. మేడమ్ కే లియే. మొలాసిస్ కుకీ," అన్నాడు అన్న, పిండి చేతులు జోడించి. ఒక కుకీ తీసి ఇవ్వబోయాడు. ఆయన తీసుకోలేదు. తప్పుడు మాట ఒకటి ఇంజనీరు గారింటికి పాకితే తన ఉద్యోగం ఉండదన్నాడు. గోధుమరంగు కుకీల మీద చక్కెర మెరుస్తూ పగుళ్ళు విచ్చుకుని ఉన్నాయి. అన్నీ, ట్రేలతో సహా, చెత్త డ్రమ్ములోకి పోయాయి. తర్వాత డేగిసా.

"కిస్‌నే బోలా? దారూ బనాయా కర్‌కే కౌన్ బోలా?" సారా కాస్తున్నారని ఎవరు చెప్పారో తేల్చమన్నాడు క్యాంప్ బాస్.

నలభైమంది నన్ను చూశారు. ఎవరూ నోరు తెరవలేదు. పెద్ద మనుషులు. అన్న కూడా చూశాడు. అప్పుడు అర్థమయింది ఆయనకు.

నేను చెప్పవలసింది ఒక్క వాక్యం. నేనే సార్, తమాషాకు అన్నాను, బర్రెతో సహా అంతా అబద్ధం అని. ట్రేలు పోయినా అన్న మాట నిలబడేది. క్యాంప్ బాసే మేడమ్ ఇంటికి ఫోన్ చేసి ఇంకో రోజు అడిగేవాడేమో. కానీ వచ్చే నెలలో నా చుట్టీ ఉంది. సారా మాట పుట్టించినందుకు వార్నింగ్ లెటర్ ఇస్తే చుట్టీ పోతుంది. జీవితంలో ఎన్నడూ మాట తడుముకోనివాణ్ణి, చేతిలో గ్లాసు లేదు కాబట్టి వరుసలో నేను లేనట్టే లెక్క అన్నట్టు, రెండడుగులు వెనక్కి వేశాను.

పదకొండింటికి తెల్లకారు వచ్చింది. డ్రైవరు ఖాళీగా వెళ్ళాడు. అన్నను పని నుంచి తీసేయలేదు. క్యాంప్ బాస్ కాగితం మీద ఏమీ పెట్టలేదు. కానీ కొత్త సంవత్సరానికి విల్లాలోకి ఇంకెవరో వచ్చారని మా సైటు డ్రైవరు చెప్పాడు.

వారంరోజులు అన్న నా కంచంలో అందరికీ వేసినట్టే వేశాడు. ఒక గరిటె తగ్గించినా నాకు కొంత తేలికయ్యేది.

మళ్ళీ శుక్రవారం, బియ్యం ఏరుతూ నన్ను పిలిచాడు. ఫోన్ నా చేతిలో పెట్టాడు.

"మీ వదిన లైన్ల ఉన్నది. విల్లల పని అయినట్టే అని ఆమెకు ముందుగాలనే చెప్పిన. కాలేదని నాకు చెప్పరాదు. నువ్వు మంచిగ చెప్తవ్ గదా. ఏదన్న ఒక కథ చెప్పు."

కోపం లేదు ఆ గొంతులో. నిజంగానే సాయం అడిగాడు. నేను ఫోన్ చెవి దగ్గర పెట్టుకున్నాను. ఏ ఒంటే రాలేదు, ఏ బర్రే రాలేదు.

"వదినా, మేడమోళ్ళు... వాళ్ళు వేరే దేశం పోతున్నరు. అందుకే ఆ పని ఆగింది" అన్నాను.

ఆమె, "పోనీ తియ్యి తమ్మీ. మనిషి మంచిగున్నడు గదా. బిస్కెట్లు ఎట్లొచ్చినయి? దుకాణపాయన బెల్లం ఇయ్యనంటే, బర్రె ఈనింది, దానికి పెట్టాలె అని అబద్ధం చెప్పి తెచ్చిన. మాకు బర్రే లేదు" అని నవ్వింది. "మంచిగున్నయా?"

నేను ఒక్కటి కూడా నోట్లో పెట్టుకోలేదు. ఎవరూ పెట్టుకోలేదు.

"మంచిగున్నయి వదినా."

నేను చెప్పిన అబద్ధాలన్నిటిలో అదే చిన్నది.

నా చుట్టీ మంజూరయింది. బయల్దేరే రోజు అన్న ఒక చిన్న మూట తెచ్చాడు. ఆకుపచ్చ చీరె ముక్క, పసుపు పువ్వులు. డ్రమ్ములోకి పోకుండా ఒక బెల్లం ముద్ద మిగిలినట్టుంది.

"మా ఇంట్ల ఇచ్చిరా తమ్మీ. ఈడ ఉంటే మళ్ళ ఎవడన్న గ్లాసు పట్టుకొని వస్తడు" అన్నాడు. అప్పుడు నవ్వాడు. ఆ నవ్వుకు నేను బదులు నవ్వలేకపోయాను.

వాళ్ళ ఊరు మా ఊరికి బస్సులో గంటన్నర. నలభై రోజులున్నాను. పోలేదు. ఇవాళ అంటే రేపన్నాను, రేపంటే పెళ్ళిళ్ళన్నాను. ఆ గుమ్మంలో నిలబడితే, కుకీలు ఎట్లున్నాయో ఇంకొంచెం వివరంగా చెప్పమంటుందని భయం. మూట బీరువా మీద పెట్టాను. ఆపైన మర్చిపోయినట్టు నటించాను.

తొలి వానలకు అది చెమ్మగిల్లి, నల్లటి ధార ఒకటి బీరువా తలుపు మీదుగా కారింది. నేను అప్పటికే తిరిగి దోహాలో ఉన్నాను. ఫోన్‌లో మా ఆవిడ, "ఏందయ్యా ఇది? ఈ చీరె ముక్క ఎవలది?" అని గట్టిగా అడిగింది.

"అది దుబాయ్ షేకు ఒంటెలకు పెట్టే మందు. అంటుకోకు" అన్నాను. నోరు దానంతటదే అనేసింది.

అవతల నాలుక చప్పరించిన చప్పుడు. వేలితో అద్దుకుని నాలుక మీద పెట్టుకున్నట్టుంది.

"బెల్లమే గదా ఇది," అంది.