వంతెన మధ్యలో ఓర్వల్

ఓర్వల్ స్టెన్‌రుడ్‌కు ఒకటే జబ్బు. కెటిల్ వాగు మీది ఇనప వంతెన నడిమధ్యకు రాగానే ట్రక్కు ఆపేస్తాడు. దాని చరిత్ర చెప్తేగానీ కదలడు. వంతెన మీద ఒక్క బండికే చోటు కాబట్టి శ్రోతలకు కొదవ లేదు.

"పంతొమ్మిదివందల ఎనిమిదిలో ముక్కలు ముక్కలుగా రైల్లో దిగింది," అని మొదలెట్టేవాడు. "మొత్తం బిగించాక పిడికెడు బోల్టులు మిగిలాయి. అవి ఎక్కడివో ఇప్పటికీ ఎవరికీ తెలీదు."

సోమవారం పిడికెడు బోల్టులు శుక్రవారానికి బకెట్టెడయ్యేవి.

ఒకసారి వెనకనుంచి పాస్టరుగారు హారన్ కొట్టారు. "ఓర్వల్, అవతల శవపేటిక నాకోసం కాచుక్కూచుందయ్యా."

"పోయినాయనకు తొందరేముంది పాస్టరుగారూ? వరద సంగతి వినండి."

నేను టపా బండి తోలేవాణ్ణి. తిరిగొచ్చేటప్పుడు రోజూ అటు గట్టున ఇరుక్కునేవాణ్ణి. చలికి ఓర్చుకోలేక, వంతెన పక్కనే ఉన్న హుల్డా పెద్దమ్మ వంటింట్లో దూరేవాణ్ణి. ఇరుక్కున్న ప్రతివాడూ అంతే. ఆవిడ కాఫీ పోసి, "ఇవాళ ఎంతదాకా వచ్చాడు?" అని అడిగేది.

"ఇంకా బోల్టుల దగ్గరే ఉన్నాడు."

"అయితే కేకు కూడా తినొచ్చు, కూర్చో."

ఇలా ఉండగా, రోజుకు పాతిక బళ్లయినా తిరక్కపోతే వంతెన మూసేస్తామని కౌంటీ ఆఫీసు నోటీసు అంటించింది. మూస్తే చుట్టుదారి పద్నాలుగు మైళ్లు. హుల్డా గడప తొక్కేవాడుండడు. బళ్లను లెక్కపెట్టడానికి రోడ్డుకడ్డంగా రబ్బరు గొట్టం పరిచారు; ఏ బండైనా దాన్ని తొక్కిన ప్రతిసారీ ఒకటి లెక్కపడుతుంది.

ఆ వారం ఓర్వల్ నోరు కుట్టేసుకున్నాడు. పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా అటూ ఇటూ గానుగెద్దులా తిరిగాడు. ఆపడు, చెప్పడు. ఆయనకేదో జబ్బు చేసిందని పాస్టరుగారు ప్రార్థన కూడా పెట్టించారు.

రోజుకు మూడువందల పన్నెండని లెక్క తేలింది. ఊళ్లో ఉన్న బళ్లు ముప్పయ్యొకటి. ఇంజినీరు డెల్విన్ రస్క్ వచ్చి, "ఇంత రద్దీని ఈ ముసలి వంతెన తట్టుకోలేదు. పీకేసి రెండు వరసల కాంక్రీటు వంతెన కడతాం," అని ప్రకటించాడు.

"గెలిచావు మామా," అన్నాను.

ఓర్వల్ మొహం పాలిపోయింది. "ఏం గెలవడంరా? అంత వెడల్పు వంతెన మీద నేనాగితే జనం పక్కనుంచి పోతారు. ఇక ఆవిడింట్లో కాఫీ ఎవడు తాగుతాడు?"

అప్పుడు వెలిగింది నాకు. హుల్డా మొగుడు లార్స్ చనిపోయిన చలికాలానికి ముందు, ఓర్వల్ ఆ వంతెన గురించి ఒక్క ముక్క మాట్లాడగా విన్నవాడు లేడు.

మర్నాడు కొలతలకొచ్చిన రస్క్ అటు గట్టున ఆగిపోయాడు. మధ్యలో ఓర్వల్ ట్రక్కు అడ్డంగా ఉంది.

"ఎంతసేపు పడుతుందండీ?" అన్నాడు రస్క్, గడియారం చూసుకుంటూ.

"ఓర్వల్ కథలో రైలు ఇంకా రానేలేదు నాయనా," అంది హుల్డా, తలుపు తీసి. "లోపలికి రా."

నాలుగు కప్పుల కాఫీ తర్వాత రస్క్ రాసిన నివేదిక ఇప్పటికీ కౌంటీ ఆఫీసులో ఉంది: "పాత వంతెనకు మరమ్మతు చాలును. అయితే ఇంజినీరు స్వయంగా వచ్చి నెలకొకసారి, వీలైతే వారానికొకసారి, తనిఖీ చేయుట అత్యవసరము."