ఆవిరి తగలని చోటు

నాన్న పోయిన తొమ్మిదో రోజు పొద్దున నేను ఫోన్‌లో వెతికిన ప్రశ్న ఇది: ఆవిరితో కారు కడిగితే పెయింటుకు ప్రమాదమా? హాల్లో నాన్న ఫొటో ముందు దీపం వెలుగుతోంది. నేను దాని పక్కనే కూర్చుని కారు తలుపుల రబ్బరు బీడింగుల గురించి చదువుతున్నాను. దుఃఖం మనిషిని ఎక్కడికో తీసుకుపోతుందంటారు. నన్ను మాత్రం కార్ వాష్ దాకా తీసుకొచ్చి వదిలేసింది.

కారు కడగక తప్పదు. గుండెల్లో నొప్పి అన్న సాయంత్రం నాన్నను వెనక సీట్లో పడుకోబెట్టి దవాఖానాకు బయల్దేరాం. తల అమ్మ ఒళ్లో ఉంది. ఉప్పల్ చౌరస్తా దాటకముందే ఆయన వెళ్లిపోయాడు. స్టీరింగ్ ముందున్న నాకు ఆ సంగతి తెలియదు. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు, "అయిపోయింది నాన్నా, వచ్చేసినం" అన్నాను. నా మాటకు ఆయన ఎదురు చెప్పకపోవడం అదే మొదటిసారి.

మర్నాడు పదో రోజు కార్యం, అన్నోజిగూడ అవతల మా చుట్టాల బావి దగ్గర. అమ్మను ఆ కార్లోనే తీసుకుపోవాలి. అక్కడ స్నానం చేయించి ఆమె బొట్టు తుడిచేస్తారు. తుడవాల్సింది పెద్దమ్మ, అమ్మకు సొంత అక్క. ఆమె బొట్టు పోయి చాలా ఏళ్లయింది. ఈ సంగతి మీద అమ్మ నోరు విప్పలేదు. కానీ ఆ రోజుల్లో పొద్దున్నే అద్దం ముందు ఆమె నిలబడే సేపు పెరిగింది. ఒకసారి దిద్దుకుని, తృప్తి లేక, మళ్లీ దిద్దుకునేది. నేను చూసీ చూడనట్టు పళ్లు తోముకునేవాణ్ణి.

"పానం పోయిన బండి అది. నీళ్లు కుమ్మరించాలె కొడకా, వాకిట్ల పారేటట్టు. అప్పుడుగాని మైల పోదు" అంది పెద్దమ్మ.

ఎండాకాలం. నాచారంలో మా వీధి బోరు ఎండిపోయి, అందరం ట్యాంకర్ కోసం డ్రమ్ములు పెట్టుకుని ఎదురుచూస్తున్నాం. ఆ నీళ్లతో కారు కడిగితే పక్కింటివాళ్లు నా పదో రోజుకు కూడా ఏర్పాట్లు మొదలుపెడతారు.

"నీళ్లొద్దు పెద్దమ్మా. ఆవిరి పట్టిచ్చి తుడుస్తరు. బకెట్ నీళ్లతోని అయిపోతది."

"ఆవిరా? కారనుకున్నవా, ఇడ్లీ అనుకున్నవా?"

అమ్మ లోపల్నుంచి అడిగింది, "దానికేం గాదు గదరా?"

పెయింటు గురించి అడుగుతోందనుకున్నాను. చదివిందంతా అప్పజెప్పాను. మంచి పెయింటుకు ఏం కాదు, గన్ను ఒకే చోట ఆపకుండా కదుపుతూ ఉండాలి, ఇంజిన్ దగ్గర కరెంటు వైర్లకు దూరంగా ఉంచాలి, స్టిక్కర్లుంటే ఊడిపోతాయి. అమ్మ అంతా విని, "ఊడిపోతయా?" అని మాత్రం అంది.

నాన్న ఉంటే ఆవిరికి ఒప్పుకునేవాడు కాదు. నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక ఫ్యాక్టరీలో బాయిలర్ దగ్గర ఉద్యోగం ఆయనది. జీవితమంతా ఆవిరితో కాపురం చేసినవాడు, దాన్ని అస్సలు నమ్మలేదు. కుక్కర్ మూత కూడా ఆయన తీసేదాకా ఎవరూ ముట్టుకోకూడదు. మాకు అన్నం అందుకే ఎప్పుడూ కొంచెం చల్లగా దొరికేది.

దసరా రోజు ఫ్యాక్టరీలో పూజ చేసి బాయిలర్‌కు బొట్టు పెట్టేవాడు. నువ్వుల నూనెలో కుంకుమ కలిపి, బొటనవేలితో, వానకు కూడా పోకుండా. మిగిలిన కుంకుమ పొట్లం కట్టుకుని ఇంటికొచ్చి కారు బానెట్‌కు పెట్టేవాడు. ఆ తర్వాత వేలికి ఇంకా ఏమైనా అంటుకుని ఉంటే అమ్మకు. బాయిలర్, కారు, అమ్మ. ప్రతి దసరాకూ అమ్మది అదే ఫిర్యాదు: "నేను మూడోదాన్ని."

మధ్యాహ్నం స్టీమ్ వాష్ చేసే అన్న ట్రాలీ ఆటోలో మిషన్ వేసుకుని మేడిపల్లి నుంచి వచ్చాడు. మాట వింటే గోదావరి వైపు మనిషి. తలుపులు, చక్రాలు, అద్దాలు అయ్యాయి. వెనక సీటు మీద ఆవిరి పడుతుంటే అమ్మ గుమ్మంలో నిలబడి చూసింది. తెల్లటి పొగ లేచి, సీటు కనపడకుండా పోయి, మళ్లీ కనపడింది. నాకు చెప్పడానికి జోకు ఒకటి ఉండే ఉంటుంది. దొరకలేదు.

బానెట్ దగ్గరికి వచ్చేసరికి అన్న ఆగిపోయాడు. బొట్టు చుట్టూ వేలితో తడిమాడు.

"తమ్ముడూ, ఇక్కడ నేను కొట్టనండి. కింద పెయింటు పగిలుంది. ఎప్పుడో డెంటింగ్ చేయించి పైపైన రంగేశారు. ఆవిరి తగిలితే పెచ్చులు లేచిపోతాయి. తర్వాత మాటొచ్చేది నాకే."

వంగి చూశాను. నిజమే. నూనె బొట్టు అంచుల నుంచి సన్నటి పగుళ్లు బయటికి పాకి ఉన్నాయి. సెకండ్ హ్యాండ్ కారు అది. నాన్న ఇన్నేళ్లూ ప్రతి దసరాకూ సరిగ్గా అక్కడే, అంత పెద్ద బొట్టు ఎందుకు పెట్టాడో అప్పుడర్థమైంది. భక్తి కొంత, పగులు కప్పడం కొంత.

"అంతా కడిగి గదొక్కటి ఇడిసిపెడితే ఎట్ల?" అంది పెద్దమ్మ.

"మంచిగున్నచోట ఎంతైనా కొడతానండి పెద్దమ్మగారూ. పగిలినచోట మాత్రం కొట్టకూడదు."

"ఉండనీ అక్కా" అంది అమ్మ. లోపలికి వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున బయల్దేరాం. వెనక సీటు ఇంకా పూర్తిగా ఆరలేదు. పెద్దమ్మ కింద తువ్వాలు పరుచుకుని, "మైల పోయిందేమోగని తడి పోలే" అని అన్నోజిగూడ దాకా అంటూనే ఉంది. అమ్మ ఆమె పక్కనే, తడి మీదే కూర్చుంది.

బావి దగ్గర స్నానం అయ్యాక ఆడవాళ్లు చుట్టూ చేరారు. స్నానానికి కరిగిన బొట్టును అమ్మ అక్కడే మళ్లీ దిద్దుకుంది. పెద్దమ్మ తడిగుడ్డ పట్టుకుని ఎదురుగా వచ్చింది. అమ్మ తల దించలేదు.

"అక్కా, బాయిలరుకు పెట్టింది తుడిసిన్రా?"

"ఏం బాయిలరే?"

"తుడువలే. మొన్న ఆయన దోస్తులొచ్చినప్పుడు అడిగిన. కారుది తుడిసిన్రా? అదీ తుడువలే. నీ ముందట్నేనాయె. ఒక్కటే చేత్తోని ముగ్గురికి పెట్టిండు. నాదొక్కదే తియ్యాల్నా?"

వెనక నుంచి ఎవరో, "గట్లెట్లయితది, మనోళ్లల్ల ఉన్న పద్ధతే గద" అన్నారు. ఇంకొకామె దగ్గింది. నేను ఎప్పుడూ ఏదో ఒకటి అనేసి తేలిక చేసేవాణ్ణి, నా వైపు కూడా చూశారు. నేను పెద్దమ్మ చేతిలోని గుడ్డనే చూస్తున్నాను. నీటి చుక్కలు ఆమె పాదాల మీద పడుతున్నాయి.

"నాది తీసిననాడు నన్నెవ్వలు అడగలే" అంది పెద్దమ్మ, ఎవరితోనని కాకుండా. "నేను గూడ అడగలే."

తర్వాత ఆ గుడ్డతో తన మొహమే తుడుచుకుంది.

"పగిలిన కాడ ఆవిరే పెట్టొద్దన్నడు ఆ పిలగాడు. నేను గుడ్డెట్ల పెడతనే? పోదాం పాండ్రి, ఎండ మస్తున్నది."

తిరుగు ప్రయాణంలో అమ్మ ముందు సీట్లో కూర్చుంది. వెనక తడిగా ఉందని చెప్పింది. అప్పటికి ఆ సీటు ఎండకు కరకరలాడుతోంది. జోకు వేసే అవకాశం ఉండి వదులుకున్న సందర్భాలు నాకు ఎక్కువ లేవు.

ఉప్పల్ చౌరస్తా దగ్గర రెడ్ సిగ్నల్. అదే చోటు. కడిగిన అద్దంలోంచి బానెట్ మీద బొట్టు స్పష్టంగా కనబడుతోంది.

"దసరకు దానికి నువ్వే పెట్టాలె ఇగ" అంది అమ్మ. "నూనె జర ఎక్కువ కలుపు. పగులు పెద్దగయితున్నది."

ఆమెకు ముందే తెలుసన్నమాట.

"మరి నీకు?"

అమ్మ ఎండకు కళ్లు చిట్లించి సిగ్నల్ వైపు చూసింది.

"నాది నేనే పెట్టుకుంట. ముందుగాల నాది. తర్వాతనే దానిది."