ఊరబెట్టిన పాడ్ థాయ్

ఆ రోజుల్లో చింతపండు వాసన తగిలితే చాలు, నా చేతిలో పని ఆగిపోయేది. జుఫైర్‌లో ఒక హోటల్ కింది అంతస్తులో థాయ్ వంటశాల, అందులో గిన్నెలు కడిగే డ్యూటీ నాది. (ఊళ్లో మాత్రం నేను దుబాయిలో ఉన్నట్టే లెక్క. బహ్రెయిన్ అని చెప్తే, "అది దుబాయిల ఏ దిక్కు?" అనేవారు.) నా సింకుకు నాలుగడుగుల దూరంలో థాయ్ వంటావిడ పొయ్యి. ఆమె పేరు నా నోటికి తిరగక అక్కా అని పిలిచేవాణ్ణి, ఆమె పలికేది. బాణలిలో ఆమె చింతపండు రసం పొయ్యగానే ఆవిరి నా మీదుగా సాగిపోయేది. నేను సబ్బు నురగలో చేతులుంచుకునే, అమ్మ పులిహోర కలిపే పొద్దుటిపూటలోకి జారిపోయేవాణ్ణి. కడిగిన ప్లేట్లే మళ్లీ కడిగిన రోజులు చాలా ఉన్నాయి.

ఆమె చేసేది పాడ్ థాయ్. బియ్యపు నూడుల్స్, చింతపండు రసం, తాటిబెల్లం, చేపల సాసు, పైన దంచిన పల్లీలు. చేపల సంగతి పక్కన పెడితే (పెట్టడం కష్టమే, ఆ వాసన అలాంటిది) అది పులిహోరకు తోబుట్టువేనని నా నమ్మకం. ఇంతలో అక్కకు పొయ్యి దగ్గర సాయానికి మనిషి కావలసివచ్చింది. నేనొస్తానన్నాను. ఎగాదిగా చూసి, రేపు పన్నెండింటికి ఒక ప్లేటు చేసి పెట్టు, బాగుంటే పొయ్యి, లేకుంటే ఈ జన్మకు సింకే అని అరకొర హిందీలో తేల్చేసింది. ("ఈ జన్మకు" అన్నది నేను కలిపింది.)

ఆ సాయంత్రం కాకకు ఫోన్ చేశాను. కాక మా ఊరి పెద్దమనిషి, అస్కర్‌లోని లేబర్ క్యాంపులో ఉండేవాడు. జన్మలో నూడుల్స్ తిని ఎరుగడు, అయినా సలహా ఇవ్వడానికి అదేం అడ్డు కాలేదు.

"చింతపండు వడ్డదంటె అది పులిహోరనేరా. పొద్దుగాల్నే చేసి, మూతవెట్టి ఊరనియ్యి. పులుపు లోపటికి వట్టాలె."

మర్నాడు తొమ్మిదిన్నరకే చేసేశాను. నిజం చెప్తున్నా, అప్పుడు బ్రహ్మాండంగా ఉంది. పోగు పోగు విడివిడిగా, మంచి రంగుతో. ఇంకా ఊరితే ఎలా ఉంటుందో అని మురిసిపోయి, గిన్నెలోకి తీసి, చేత్తో బాగా అణిచి, మూత పెట్టాను. ఇక సింకు దగ్గర ఒకటే కలలు. తెల్ల టోపీ పెట్టుకుని పొయ్యి పక్కన ఫోటో కూడా దిగేశాను.

పన్నెండింటికి అక్క వచ్చి మూత తీసింది. గరిటె దిగలేదు. గిన్నె బోర్లించింది. పాడ్ థాయ్ ఒక్క ముద్దగా, గిన్నె అడుగున ఉన్న సొట్టతో సహా, బల్ల మీద కూర్చుంది. ఎవరూ నవ్వలేదు, దాంతో నాకు నిజంగా భయం వేసింది.

ఎందుకు మూత పెట్టావని అడిగింది. మా అమ్మ పొద్దున్నే కలిపి మూత పెట్టేదని, ఎవర్నీ ముట్టనిచ్చేది కాదని, మధ్యాహ్నానికి గాని దానికి రుచి రాదని చెప్పాను. చెబుతుంటే ఏడుపొచ్చింది. పోయిన పొయ్యి కోసమో, పోయిన అమ్మ కోసమో నాకే తెలియదు. అక్క కత్తి తీసుకుని ఆ ముద్దను బిళ్లలుగా కోసి, నూనెలో ఎర్రగా కాల్చి, ఒకటి నోట్లో వేసుకుని ఇంకొకటి నాకిచ్చింది.

"మీ అమ్మ అన్నం ఆగుతుంది. నా నూడుల్ ఆగదు," అంది. "రేపు మళ్లీ చెయ్యి. నేను వచ్చి నిలబడ్డాకే పొయ్యి వెలిగించు."

మర్నాడు చేశాను, పొయ్యి దక్కింది. కాకకు చెబితే సంతోషించి, ఇంకో గంట ఊరితే ముందటిదే మంచిగుండేదని నొచ్చుకున్నాడు.

అక్క వాళ్ల దేశం వెళ్లిపోయి చాన్నాళ్లయింది. ఆ పొయ్యి ఇప్పుడు నాదే. దించీ దించగానే వడ్డించే అలవాటు ఎంత ముదిరిందంటే, మొన్న శుక్రవారం గదిలో పులిహోర కలిపి, కలిపిన చేత్తోనే, నిలబడే, వేడివేడిగా సగం లాగించేశాను. అమ్మ ఉంటే వీపు మీద ఒక్కటిచ్చేది. గబగబా మూత పెట్టాను. నలభై దాటిన వంటవాణ్ణి, చెయ్యి కడుక్కుని వచ్చి ఆ గిన్నె ముందు కూర్చున్నాను. నాలో నేనే నవ్వుకుంటూ, మధ్యాహ్నం దాకా మిగతా సగాన్ని ముట్టుకోలేదు.