బరువు తెలియని బండి

నిన్న మా కొత్త కారు ఎక్కి కూర్చోగానే స్టీరింగ్ వెనక ఎర్రటి దీపం వెలిగింది. బ్రేక్ ఆయిల్ తగ్గిందట. తనకేం నొప్పో తానే చెప్పుకునే బండిని చూస్తే ముచ్చటేసింది. వెంటనే మా కాక పికప్ గుర్తొచ్చింది. అది ఏదీ చెప్పేది కాదు, మనమే దాని పొట్ట కింద దూరి తెలుసుకోవాలి.

కాక అంటే మా నాన్న తమ్ముడు. రేగుంట చుట్టుపక్కల పండిన వడ్లను ఆ పాత పికప్‌లో సిరోంచ మిల్లుకు చేర్చడం ఆయన పని, ఆయన గర్వం కూడా. ఒక పంటకాలం బస్తాలతో వాగు దిగుడులో వస్తుంటే మేకల మంద అడ్డమొచ్చింది. కాక బ్రేక్ తొక్కాడు. బండి ముక్కు వంచింది గాని ఆగలేదు. మేకలు ఎటువి అటు ఉరికి బతికిపోయాయి. వాటిని మేపే ముసలమ్మ తిట్టిన తిట్లు మాత్రం ఊళ్లో వారం రోజులు నిలిచాయి. ఆయన కొడుకు, అంటే నా తమ్ముడు, ఖాళీ బండిని అదే దిగుడులో నడిపి చూశాడు. తొక్కిన చోటే ఆగింది. "బండి మంచిగనే ఉంది బాపూ. నీ కాలికే బలం తగ్గింది. ఇగ నువ్వు నడుపకు" అన్నాడు. కాక మూడు రోజులు అరుగు మీద కూర్చుని, కుడికాలు చాపుతూ ముడుస్తూ, అది వేరెవరిదో అన్నట్టు చూసుకున్నాడు. ఆయన్ని అట్లా చూడలేకపోయాను.

నాలుగో రోజు నేనే ఆయన్నీ బండినీ సిరోంచలో బండ్లు బాగుచేసే మిస్త్రీ దగ్గరికి తీసుకెళ్లాను. తాతల నాటి నుంచి ఇనుమునే నమ్ముకున్న ఇల్లు వాళ్లది. మిస్త్రీ, కాక ఒక ఈడువాళ్లు. ఒకరినొకరు వెక్కిరించుకోకుండా చాయ్ తాగరు. ఆ రోజు వెక్కిరింతలు లేవు. మిస్త్రీ వెనక చక్రాలు ఊడదీశాడు. డ్రమ్ముల్లో దుమ్ము తప్ప తప్పేమీ దొరకలేదు. బ్రేక్ షూలు కొత్తవే, ఆయిల్ కారడం లేదు. కాక మొహం వాడిపోయింది. బండి బాగుందంటే కాలు బాగాలేదనేగా అర్థం.

"ఖాళీగ ఆగుతది, బరువుంటె ఆగది. గదేందో జర బస్తాలు వెయ్యిండ్రి, చూస్త" అని మిస్త్రీ చక్రాలు మళ్లీ బిగించి, బండి కింద వెల్లకిలా పడుకున్నాడు. పక్క మిల్లు హమాలీలు బస్తా మీద బస్తా వేస్తుంటే, తెల్ల చొక్కా సంగతి మరిచి నేనూ పక్కన బోర్లా పడుకున్నాను. వెనక ఇరుసు దగ్గర సన్నటి కడ్డీ ఒకటి ఉంది. బరువుకు బండి కిందికి దిగితే ఆ కడ్డీ కదులుతుంది, అది కదిలితేనే వెనక చక్రాలకు బ్రేక్ బలం ఎక్కువ అందుతుంది. ఎవరి తలకాయో గాని భలే తలకాయ. అయితే ముప్పై బస్తాలు పడ్డా కడ్డీ ఉలకలేదు, పలకలేదు.

"అన్నా, కమాన్ పట్టీలు ఎన్ని ఎక్కిచ్చినవ్?" అని మిస్త్రీ కింది నుంచే అడిగాడు.

"రెండే, ఈ పంటకు ముందట" అన్నాడు కాక. ఇరుసు మీద బరువు మోసే ఆ ఉక్కు పట్టీలను మా వైపు వడ్లు మోసే ఏ బండికైనా అదనంగా వేయించాల్సిందే. వెనక కుంగని బండే మంచి బండని పేరు.

"నువ్వు దాని నడుము గట్టిగ జేసినవ్. బరువు మోస్తున్న సంగతే దానికి ఎరుకైతలేదు. నీ కాలుది ఏం కసూర్ లేదు."

కాక అటు తిరిగి తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు. చెమటే అనుకున్నట్టు మేమిద్దరం మళ్లీ కడ్డీ వైపు చూశాం.

మిస్త్రీ ఒక పట్టీ తీసేసి, కడ్డీ కొసకు చిన్న ఇనుప ముక్క అతికించి, మిల్లు వెనక మైదానంలో ఆ బస్తాలతోనే పదిసార్లు ఆపి చూసి సరిచేశాడు. మర్నాడు పొద్దున కాక బస్తాల బండిలో నన్నూ తమ్ముడినీ ఎక్కించుకుని వాగు దిగుడుకు పోనిచ్చాడు. సగంలో బ్రేక్ తొక్కాడు. బండి నాలుగు చక్రాల మీదా కుదురుగా ఆగింది. "తప్పైంది బాపూ" అన్నాడు తమ్ముడు.

కాక దిగుడు దాటించి, రోడ్డు పక్కన ఆపి, చుట్టూ నడిచి వచ్చి తమ్ముడి వైపు తలుపు తీశాడు.

"దిగు. ఇగ నువ్వు నడుపు."

"నీ కాలు మంచిగనే ఉందిగద?"

"మంచిగున్నప్పుడె ఇస్తున్న."

వయసు అందరి చేతుల్లోంచీ పగ్గాలు అడక్కుండానే లాక్కుపోతుంది. మా కాక అది లాక్కోవడానికి కాస్త ముందే కొడుక్కి ఇచ్చేశాడు.