దయానంద్ సారు ఒత్తిడి పాఠం

బాన్సువాడలో ఓ ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే దయానంద్ సారుకు కోపం రావడానికి కారణం అక్కర్లేదు, ఎదురుగా ఏదో ఒకటి ఉంటే చాలు. సుద్దముక్క విరిగితే దాన్ని తిట్టేవాడు. కరెంటు పోతే ఆగిపోయిన ఫ్యానుతో పోట్లాడేవాడు. నిజాంసాగర్ కాలువకు నీళ్లొచ్చాయని పిల్లలు నాట్లకు పోతే, వాళ్లను తిట్టి, ఊపిరి తీసుకుని, నీళ్లను కూడా తిట్టాడు.

పాఠం కూడా ఆ కోపంలోనే. హైదరాబాదులో ఆయన పరిశోధన చేసింది కర్బన స్ఫటికాల మీద. వాటిలో అణువులు పేర్చిన పలకల్లా ఉంటాయి. గట్టిగా ఒత్తితే ఒకదానికొకటి దగ్గరికి జరుగుతాయి. ఆపైన బాగా చల్లబరిస్తే కరెంటు ఏ అడ్డూ లేకుండా పారుతుంది.

“ఒత్తాలె! ఒత్తితెనే దగ్గరికొస్తయి!” అని బల్ల గుద్దేవాడు.

“ఒత్తితే మా పానం పోతది,” అని ముందు బెంచీలో భాగ్యశ్రీ పళ్లు నూరేది. రోజూ ఎక్కువ తిట్లు తినేది ఆమే. ఎందుకంటే రోజూ ప్రశ్నలడిగేది ఆమే.

తొంభై ఎనిమిదిలో ఒకరోజు ఒళ్లు మండి, సారు మాట నిజమో కాదో తేల్చుకుందామని, ఆయన ల్యాబు అల్మారాలో ప్రాణంలా దాచుకున్న నల్లటి స్ఫటికాన్ని రెండు గాజుపలకల మధ్య పెట్టి బలంగా నొక్కింది. అది పొడైపోయింది.

ప్రిన్సిపాల్ జగన్మోహనరావు నస్రుల్లాబాద్ నుంచి ఆమె తండ్రి సమ్మన్నను పిలిపించి, “టీసీ తీస్కొని పోండి!” అన్నాడు.

“చదువు సాలు, ఇగ నడువు పొలానికి!” అని సమ్మన్న బిడ్డ మీద అరిచాడు. భాగ్యశ్రీకి ఏడుపు రాలేదు, కోపమొచ్చింది. ఒక్క ప్రయోగానికి చదువే పోవాలా? అంతలో దయానంద్ సారు ఊడిపడ్డాడు.

“ఎట్ల నొక్కినవ్?”

“గాజుపలకల నడుమ, సార్.”

“ఒక్క దిక్కునుంచి నొక్కితే పగులక ఏమైతది? నూనెల ముంచి అన్ని దిక్కుల సమానంగ ఒత్తాలె! గా ముచ్చట చెప్పనోణ్ని నేనో గాడిదను! ప్రిన్సిపాల్ సార్, అల్మారకు తాళమియ్యని మీరేంది? సమ్మన్నా, తెలుసుకుందామన్న పిల్లను పొలానికి పంపుతవా? అందరు ఒక్కదిక్కై గీ పిల్లనొక్కదాన్నే ఒత్తుతున్నరు, పగలదా?”

అరగంట సేపు ఆ గదిలో ఎవరినీ వదల్లేదు. అందరికీ పంచగా, భాగ్యశ్రీ వంతుకు తిట్లు పెద్దగా మిగల్లేదు. ప్రిన్సిపాల్ టీసీ మాట మళ్లీ ఎత్తలేదు.

“శనివారం హైదరాబాద్ పోదాం,” అన్నాడు సారు భాగ్యశ్రీతో. “మా ల్యాబుల ఎట్ల ఒత్తుతరో చూద్దువు. మీ నాయిన గూడ రావాలె.”

“నేనెందుకు సార్?” అన్నాడు సమ్మన్న జంకుతూ.

“నిన్ను తిట్టుడు ఇంక అయిపోలేదు!”